ఆపా బాకీపడ్డ రోజాలు

రంజాన్ నెలలో మా అత్తవారింట్లో ఉప్పు చూసే మనిషంటూ ఒకరుండేవారు. అది ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు. పొద్దున్నించీ మంచినీళ్ళు కూడా ముట్టని ఇంట్లో, సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి శనగలు ఉడకాలి, జావ కాగాలి, కూర దిగాలి. ఉప్పు సరిపోయిందో లేదో నాలిక్కి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? నాలిక చివర అంటించుకుని ఉమ్మేస్తే తప్పు లేదని కొందరంటారు గానీ మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. "నాలిక నీ మాట ఇంటాదేటి?" అనేవారు నాకేసి చూసి. నా నాలిక సంగతి ఆవిడకి తెలిసినంతగా నాకే తెలియదు. అందుకని ఆ పూట ఎవరికి ఉపవాసం లేదో వాళ్ళే ఉప్పు చూడాలి. మగవాళ్ళకి నెలంతా ఉపవాసమే. అత్తగారు ఆ వయసు దాటి ఎప్పుడో రిటైరయ్యారు. ఇక మిగిలింది ఇద్దరం. ఆపా, నేను.

ఆపా నా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది కాబట్టి అక్క అనే అర్థంలో ఆపా అని పిలిచేదాన్ని. విశాఖలో పూర్ణా మార్కెట్ వెనక సందులో రెండు గదులూ, ముందు ఒక వరండా, వరండాకి అడ్డంగా ఒక పరదా ఉన్న ఇల్లు మాది. బావగారు పోర్టులో వించి డ్రైవరు. ఓడలోంచి సరుకు పైకి లాగి కిందికి దించే పని, గొంతు కూడా దానికి తగ్గట్టే ఉండేది. మా ఆయన స్టీల్ ప్లాంటు కడుతున్న చోట పని చేసేవారు. ఉక్కునగరంలో క్వార్టర్సు వస్తాయి, వెళ్ళిపోదాం అంటూనే ఉండేవారు. ఉక్కు ఇంకా రాలేదు, క్వార్టర్సూ రాలేదు. మేం అక్కడే ఉక్కిరిబిక్కిరిగా ఉండేవాళ్ళం.

నేను గోదావరి వైపు నించి వచ్చినదాన్ని. మాది కడియం పక్క ఊరు. రోజా అంటే మాకు ముందు పువ్వు, తరవాతే ఉపవాసం. ఖాజా అంటే నోరూరే మిఠాయి. అత్తవారింటికొచ్చాక ఖజా అనే మాట విన్నాను. తప్పిపోయిన ఉపవాసాన్ని తరవాత ఎప్పుడో తీర్చుకోవడాన్ని ఖజా అంటారు. మా వైపు ఖాజా నోరు తెరిపించేది, ఈ ఖజా నోరు కుట్టేసేది. పుట్టింట్లో ఇవేవీ పట్టించుకోలేదని కాదు. మా అమ్మ తన పద్ధతిలో తను ఉండేది, నన్ను మాత్రం బక్కపిల్లనని గారం చేసి వదిలేసింది. ఆ గారానికి వడ్డీ ఇక్కడ కట్టాల్సొచ్చింది.

నెలసరి రోజుల్లో ఆడదానికి నమాజు లేదు, ఉపవాసమూ లేదు. ఉన్నా చెల్లదు. ఆ మాట బయటికి అనలేక మా ఇంట్లో "నాకు నమాజు లేదు" అనేవాళ్ళం, అందరికీ అర్థమైపోయేది. తేడా ఎక్కడంటే, ఆ రోజుల్లో పోయిన నమాజులు మాఫ్. మళ్ళీ చదవక్కర్లేదు. ఉపవాసాలు మాత్రం ఒక్కొక్కటీ తీర్చాలి. ఎందుకలా అని కొత్తలో అడిగాను. ఆపా కందిపప్పు ఏరుతూ చెప్పింది.

"నమాజు రోజుకి అయిదు పూటలు పిల్లా. నెలనెలా అన్నీ మళ్ళీ సదవాలంటే ఇంక మనం వంటెప్పుడు సేత్తాం? రోజాలంటే ఏడాదికి ఒక నెల, అందులో కొన్ని. తీర్సీగలం. దేవుడికి ఆడోళ్ళ పని తెలుసు. ఇంట్లో మగోళ్ళకే తెల్దు."

పండగ వెళ్ళిన మరునాడే తన ఖజాలు మొదలుపెట్టేది ఆపా. ఇంట్లో సేమియా పాయసం గిన్నె ఇంకా ఖాళీ కాకముందే ఆమె మళ్ళీ ఉపవాసం. నావి తరవాతి రంజాన్ గుమ్మం దాకా సాగేవి. పిల్లలు లేని మనిషి ఆపా. చుట్టాల్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే, "నాకెవరూ బాకీ లేరు, నానూ ఎవరికీ బాకీ లేను" అనేది. దేవుణ్ణి కూడా కలుపుకునే అనేదని నా అనుమానం.

ఎనభైల నడుమ ఒక ఏడు రంజాన్ నడి వేసవిలో వచ్చింది. మా గోదావరి ఎండ కాలుస్తుంది, విశాఖ ఎండ ఉడకబెడుతుంది. మొదటి రోజే ఆపా, "నాకు నమాజు లేదే, నానే ఉప్పు సూత్తాను" అంది. అదృష్టవంతురాలనుకున్నాను. వారం గడిచింది, ఆమే చూస్తోంది. తరవాత నా వంతు వచ్చింది. అప్పటికీ ఆమె దిగలేదు. ఒక గిన్నెకి ఇద్దరం ఉప్పు చూసేవాళ్ళం అయ్యాం. నా వంతు అయిపోయింది, నేను తలకి పోసుకుని మళ్ళీ ఉపవాసంలోకి వెళ్ళాను. ఆపా ఇంకా పొయ్యి దగ్గరే గరిటె అరచేతిలో వంచుకుని నాకుతోంది.

"ఈ ఏడు జావ శానా బాగుంటన్నాదే" అన్నారు బావగారు ఒక సాయంత్రం, రెండో గిన్నె పోయించుకుంటూ.

జావ నెలంతా ఎందుకు బాగుంటోందో ఆయనకి తట్టలేదు. ఆయన్ననడం దేనికి, ఆమె పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరిగే నాకూ అది వింతగా తోచలేదు. ఆ వయసులో అలాగే వరదలా వచ్చి ఆగిపోతుందని అత్తగారన్నారు. ఆపా ఉతికి ఆరేసిన గుడ్డల మీద ఎర్రటి మరకలుండేవి. కానీ ఆ పాతపట్నంలో ఎవరి గుడ్డలు తెల్లగా ఉన్నాయి గనక? పోర్టులో ఇనప రాయి దించినప్పుడల్లా ఎర్ర దుమ్ము లేచి సందులన్నిటి మీదా పడేది. దండెం మీద ఏది ఆరేసినా సాయంత్రానికి ఎరుపెక్కేది. మేం ఎరుపుకి అలవాటుపడ్డ జనం.

ఆపాకి బాధల్లా ఒకటే. రంజాన్ వెళ్ళిపోతోంది, తను బయటే ఉండిపోయింది. మేం చాప పరిచి నమాజుకి నిలబడితే ఆమె గుమ్మం అంచున కూర్చుని చూసేది. ఖురాను ముట్టకూడదు. ఒక రోజు మధ్యాహ్నం నన్ను పక్కకి పిలిచింది.

"ఒలే, ఒక మాట అడగాల."

"అడుగు ఆపా."

"నిన్ను కాదే. నీకేటి తెలుసు? హజ్రత్ గారినడగాల. ఇన్నాళ్ళయినా ఆగకపోతే మరి రోజాలేటి సెయ్యాల, ఇలా వదిలీడమేనా అని. అందరికీ వచ్చినాది గదే రంజాను, నాకొక్కదానికే రానేదు."

మసీదులో నమాజు చదివించే పెద్దాయన్ని హజ్రత్ గారనేవాళ్ళం. ఆయన్ని ఆపా ఎలా అడుగుతుంది? బావగారి చేత అడిగిద్దామంటే తల అడ్డంగా ఊపేసింది. "ఆయనికి సెప్తే వించి మీంచి అరిసినట్టే. పోర్టంతా ఇంటాది." అందుకని ఆపా నాకు చెప్పింది, నేను మా ఆయనకి చెప్పాను. మతం విషయంలో నేను చేసిన ఘనకార్యాల్లో అదే పెద్దది, తపాలా పని.

"నానేటి అడగాల?" అన్నారాయన.

"చాలా రోజులైనా ఆగకపోతే ఉపవాసం సంగతేమిటని."

"ఏటి ఆగకపోతే?"

"మీకు తెలుసు."

"తెలిసే గదే ఏడుత్తన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలాగొత్తాది? ఆయన నాకు అలిఫ్ బే అచ్చరాలు నేర్పినోడు. సెవి మెలేసి నేర్పినోడు."

రెండు రోజులు చెవి తడుముకుంటూ తిరిగి, మూడో రోజు అడిగేశారు. ఎలా అంటే, మా సైట్లో ఒకాయన ఉన్నాడండి, ఆయన భార్యకి ఇలా ఉందటండి, అని. జవాబు పట్టుకుని ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం దగ్గర గోడకేసి తిరిగి నిలబడి, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పారు.

"పది రోజులు దాటీసినాదంటే, నెలనెలా మామూలుగా ఎన్నాళ్ళుంటాదో అన్నాళ్ళే నెలసరి కింద లెక్కంట. మిగిల్నదంతా అది కాదంట, బీమారీ రక్తమంట. దానికి నమాజు మానక్కర్నేదు, రోజా మానక్కర్నేదు. ఒకసారి తలకి పోసుకుని, ఏ పూట నమాజుకి ఆ పూట కొత్తగా కాళ్ళూ సేతులూ కడుక్కుని వజూ సేసుకుంటే సాలంట. రోజా సెల్లుతాది. అది తెలీక ఇన్నాళ్ళూ వదిలీసినవి మాత్రం తరవాత తీర్సాలంట." ఊపిరి పీల్చుకున్నారు. "సైటాయన భార్యకి నా దువా సెప్పు అన్నారు."

ఆపా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "సెల్లుతాదన్నారా?" అంది. "సెల్లుతాదన్నారు వదినా" అన్నారు ఈయన, ఇంకా గోడతోనే. అత్తగారు రెండు చేతులూ పైకెత్తారు. ఆ మధ్యాహ్నమే ఆపా కుళాయి నీళ్ళు పట్టుకుని తలారా పోసుకుంది. తెల్లటి కొత్త చాదరు కప్పుకుని చాప మీద నిలబడింది. ఆ రోజు మా ఇంట్లో పండగ ముందే వచ్చినట్టుంది. రోజా చెల్లుతుంది, నమాజు చెల్లుతుంది. ఇంటిల్లిపాదీ ఆ మాటే చెప్పుకున్నాం. దానికి ముందున్న మాట, బీమారీ అన్న మాట, అందరం విన్నాం. తెలుగులో జబ్బు అంటారని అందరికీ తెలుసు. అది ఆ రక్తానికి పేరు అనుకున్నాం. మనిషికి అనుకోలేదు.

పండగ వెళ్ళింది. ఆపా ఖజాలు మొదలుపెట్టింది. ఈసారి చాలా ఉన్నాయి. ఒక రోజు ఉంటే రెండు రోజులు పడుకునేది, మళ్ళీ లేచి ఉండేది. నడుం నొప్పి అనేది. అంతసేపు వంగి లేస్తుంటే నొప్పి పుట్టదా అనేవారు అత్తగారు. అత్తరు ఎక్కువ పూసుకోవడం మొదలుపెట్టింది. ఆమె పక్కన కూర్చుంటే మొగలి వాసన ముక్కు పగిలిపోయేది. భక్తి ముదిరిందనుకున్నాం. ముఖం తెల్లబడింది. పెదవులు, గోళ్ళు, కంటి రెప్పల లోపల, అన్నీ తెల్లబడ్డాయి.

"సూడండే, మా పెద్దకోడలి ముకంలో నూర్ దిగినాది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నూర్ అంటే దైవకాంతి. సందులో ఆడవాళ్ళు పిల్లల్ని తెచ్చి ఆపా చేత దువా చదివించి, ముఖాన ఊదించుకుని వెళ్ళేవారు. ఒకసారి నేను కూడా తలనొప్పికి ఊదించుకున్నాను, తగ్గింది. ఊదేటప్పుడు ఆమె ఊపిరి చల్లగా ఉండటం మాత్రం గుర్తుంది.

శ్రావణంలో ఒక పొద్దున్న ఇద్దరం పూర్ణా మార్కెట్‌కి ఉల్లిపాయల కోసం వెళ్ళాం. బేరం మధ్యలో ఆపా నా భుజం పట్టుకుని, "ఒలే, నేల ఒంగతన్నాదే" అంది. నవ్వుతోందనుకుని నేనూ నవ్వాను. అంతలో ఉల్లి బస్తాల మీదికి ఒరిగిపోయింది. కొట్టాయన ముఖం మీద నీళ్ళు కొట్టి, సోడా తెప్పించి నోటి దగ్గర పెడితే, కళ్ళు తెరవకుండానే పెదవులు బిగించేసింది. "రోజా" అంది పళ్ళ సందుల్లోంచి. లేవదీశాక చూశాను, కింద బస్తా తడిసిపోయి ఉంది. అది సోడా కాదు.

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసికెళ్ళాను. డాక్టరమ్మ పరదా వెనక్కి తీసికెళ్ళి పరీక్ష చేసి వచ్చి, చేతులు కడుక్కుని, చాలాసేపు తుడుచుకుంటూనే ఉంది.

"ఎన్నాళ్ళ నించమ్మా ఇది?"

"రంజాన్ ముందు నించండి" అంది ఆపా.

"అన్నాళ్ళ నించి ఎవరికీ చూపించలేదా? ఎవరినీ అడగలేదా?"

"అయ్యో, అడక్కపోడమేటండి. హజ్రత్ గారిని అడిగించినాం."

"ఆయనేమన్నారు?"

"బీమారీ రక్తమన్నారండి."

డాక్టరమ్మ తువ్వాలు పక్కన పెట్టింది. "బీమారీ అంటే జబ్బే కదమ్మా?"

"ఔనండి."

"మరి జబ్బని ఆయన చెప్పాక కూడా రాలేదేమిటి?"

ఆపా నా వంక చూసింది, తను చెప్పింది ఈవిడకి అర్థం కావటంలేదేమిటన్నట్టు. "జబ్బంటే... రోజా ఉండొచ్చని గదండి" అంది. అలా అన్నాక ఆమె ముఖం మారింది. తన మాట తన చెవికే అప్పుడు అందినట్టుంది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడ మీదున్న కుటుంబ నియంత్రణ బొమ్మకేసి చూస్తూ కూర్చున్నాను. ఎర్ర త్రికోణం కింద నలుగురు నవ్వుతున్నారు.

గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు, ముదిరిపోయింది అని డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి చెప్పింది. దాని ఇంగ్లీషు పేరు కూడా చెప్పింది. ఇంట్లో ఆ పేరు ఎవరూ అనలేదు, గడ్డ అనేవాళ్ళం. బావగారు ఆ సాయంత్రం మెట్టు మీద కూర్చుండిపోయారు. పోర్టంతా వినబడే మనిషి గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు.

"నాకెందుకు సెప్పనేదే?"

"సెప్తే ఆస్పత్రికి తీసికెల్లిపోదువు గదా" అంది ఆపా లోపలి నించి. "రోజాలు పోవేటి మరి?"

ఆయన నవ్వారో ఏడ్చారో తెలియని చప్పుడొకటి చేశారు. ఆపా నవ్వింది. అది నవ్వే.

రక్తం ఎక్కించారు. నెలల తరబడి కరెంటు పెట్టారు, మా వాళ్ళు ఆ వైద్యాన్ని అలాగే అనేవారు. ఉపవాసం మాట ఎత్తితే ఊరుకోనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆపా మంచం మీద పడుకుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకునేది. తస్బీ, అంటే జపం, అనుకునేవారు అత్తగారు. నాకు తెలుసు, అది బాకీల లెక్క. అంతలో రెండో రంజాన్ వచ్చిపడింది. పాత బాకీ తీరకుండానే కొత్తది మొత్తం నెలకి నెలా వచ్చి మీద కూర్చుంది. మేం ఉపవాసాలున్నాం, ఆమె వేళకి మాత్రలు మింగింది. "మందుతో పాటు మంచినీళ్ళు తాగాలంటే ఎంత సిగ్గేత్తన్నాదో" అనేది మా కంట పడకుండా గ్లాసు అటు తిప్పుకుని.

పండగకి రెండు రోజుల ముందు హజ్రత్ గారు చూడటానికొచ్చారు. వరండాలో కుర్చీ వేశాం. ఇటువైపు పరదా దగ్గరికి ఆపా మంచం జరిపాం. బావగారు పెద్దాయన పక్కన నిలబడ్డారు. మా ఆయన ఎందుకైనా మంచిదని వీధిలో నిలబడ్డారు. అత్తగారు ఆపా తరఫున మాట్లాడబోయారు.

"మీరుండండి అత్తమ్మా, నాను మాటాడతాను" అంది ఆపా. పరదాకేసి తిరిగి, "పోయినేడు సైటాయన భార్యకని అడిగించినామే, అది నానేనండి" అంది.

"తెలుసమ్మా" అన్నారాయన. "మీ మరిది చెమటలు చూసినప్పుడే తెలిసింది." ఒకసారి దగ్గారు. "జబ్బు రక్తం అని చెప్పాను. వైద్యుడి దగ్గరికి వెళ్ళమని కూడా చెప్పానా, లేదా? ఎంత గుర్తుచేసుకున్నా రావటంలేదు తల్లీ. మసీదులో కూర్చుంటే అదే తిరుగుతోంది."

ఆయన చెప్పినా మేం వినేవాళ్ళమా అని నాకనిపించింది గానీ, పెద్దాయన్ని అలా ఓదార్చవచ్చో లేదో తెలియలేదు.

"నా మీద రోజాలున్నాయండి" అంది ఆపా. "పోయినేటివి కొన్ని మిగిల్నాయి. ఈ ఏడువి అన్నీ. ఇయ్యేటి సెయ్యాల?"

"జబ్బులో ఉండకూడదమ్మా. నయమయ్యాక నెమ్మదిగా తీర్చుకో. తొందరేం లేదు."

"నయమవకపోతే?"

ఆయన కుర్చీ పరదాకేసి జరుపుకున్నారు. "ఇంక నయం కాదని తేలిపోయిన మనిషికి వేరే దారి ఉందమ్మా. ఒక్కో రోజాకి ఒక పేదవాడికి రెండు పూటలా అన్నం పెడితే చాలు. బాకీ తీరిపోతుంది."

బావగారు అప్పుడే ఒడ్డు కనబడ్డట్టు ముందుకొచ్చారు. "అదేటండి, ముందే సెప్పకపోయారు! రేపే బియ్యం బస్తా దించుతాను. ఇన్నావా? అన్నీ తీర్సీవచ్చు. ఇంక నీకేటీ బెంగనేదు."

"వద్దు" అంది ఆపా.

"ఎందుకొద్దే? దాని కోసమే గదా ఇన్నాళ్ళూ ఏడుత్తన్నావు!"

"నువ్వు సగమే ఇంటన్నావు. మనింట్లో అందరూ సగమే ఇంటారు." ఆమె గొంతు పెంచలేదు. "అన్నం ఎవరికి పెట్టమన్నారు? నయం కాదని తేలిపోయినోళ్ళకి. నువ్వు బస్తా దించినావంటే నాను లేవనని నువ్వూ, నానూ, దేవుడూ ముగ్గురం ఒప్పీసుకున్నట్టే. నానొప్పుకోను. నా రోజాలు నా మీదే ఉండనీ. తీర్సడానికి మళ్ళీ లెగాల గదా? లెగుత్తాను."

ఎవరికీ బాకీ లేనని చెప్పుకున్న మనిషి అలా బాకీని రెండు చేతులా పట్టుకుని వదలనంటుంటే, బావగారు పరదా గుడ్డ పట్టుకుని నిలబడిపోయారు. హజ్రత్ గారు లేచారు. "ఉండనీ నాయనా. ఆశ ఉన్నంతకాలం ఆమె చెప్పిందే సరి" అని, చెప్పులు తొడుక్కోవటం మరిచిపోయి మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి తొడుక్కున్నారు.

వానలు వెళ్ళాయి. ఆపా ఇంకా సన్నబడింది. పుష్యమాసంలో, ఏం జరిగిందో గానీ, రక్తం ఆగింది. నొప్పి కూడా తగ్గిందంది. గోడ పట్టుకుని వరండా దాకా నడిచి, ఎండలో కూర్చుని జడ వేయించుకుంది. మరునాడు పొద్దున్న నేను పాలు పట్టికెళితే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల వద్దే."

"ఎందుకొద్దు? వికారంగా ఉందా?"

"బాగుందే. బాగుందనే వద్దంటన్నాను." కళ్ళల్లో చిన్నపిల్ల దొంగతనం. తెల్లారకముందే బావగారు లేపి రొట్టె పెట్టారట. ఇద్దరూ కలిసి చేసిన కుట్ర. నేను డాక్టరమ్మ పేరు చెప్పి బెదిరించాను, నా ముఖానికి ఎవరు బెదురుతారు? "సలికాలం రోజా ఇది, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతాది. ఒగ్గీ" అంది.

ఆ రోజు బావగారు పోర్టుకి వెళ్ళలేదు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, ఓడల సంగతులు చెప్పారు. ఏ దేశపు ఓడలో ఏ సరుకొచ్చింది, ఏ కెప్టెను ఎలా తిట్టాడు, అన్నీ. మధ్యాహ్నం ఆమె పెదవులు ఎండిపోతే తడిగుడ్డతో నుదురు తుడిచారు గానీ పెదవుల దగ్గరికి తీసికెళ్ళలేదు. సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినబడగానే ఖర్జూరం ముక్క చేసి నోట్లో పెట్టారు. ఆపా నమిలి, మింగి, "ఒకటయినాది" అంది.

రెండోది కాలేదు. ఆ రాత్రే మళ్ళీ మొదలైంది. మాఘమాసం చివర్లో, ఒక శుక్రవారం పొద్దున్న, నేను కుళాయి దగ్గరుండగా పోయింది.

నలభై రోజులూ అయ్యాక బావగారు బియ్యం బస్తా కొని, రిక్షాలో వేయించుకుని మసీదుకి వెళ్ళారు. మా ఆయన వెంట వెళ్ళారు కాబట్టి అక్కడ జరిగింది నాకు తెలిసింది. హజ్రత్ గారు రిక్షా చూసి, ఇదేమిటని అడిగారట.

"ఆవిడి రోజాలండి. ఇప్పుడైనా తీర్సనివ్వండి. ఇంక ఒప్పుకోకపోడానికి మనిసి నేదు గదా."

"నయం కాకుండానే వెళ్ళిపోయిన మనిషి మీద ఏమీ ఉండదు నాయనా" అన్నారట ఆయన. "లేచి తిరిగిన రోజులుంటే, ఎన్ని రోజులుంటే అన్నిటికే లెక్క. మధ్యలో బాగున్న రోజులేమైనా ఉన్నాయా?"

బావగారు ఆలోచించి, "ఒక రోజు బాగుందండి" అన్నారట.

"ఆ రోజేం చేసింది?"

"రోజా ఉందండి."

పెద్దాయన తలపాగా సర్దుకుని, "అయితే ఆమె బాకీ ఏమీ లేదు. ఇంటికి తీసికెళ్ళు" అన్నారట.

దానంగా ఇచ్చెయ్యొచ్చు కదా అని మా ఆయన అంటే బావగారు వినిపించుకోలేదట. ఆమెకి బాకీ లేనప్పుడు ఆమె పేరు మీద తను ఎందుకివ్వాలి, ఇస్తే ఉన్నట్టవదా, అన్నారట. రిక్షా మళ్ళీ మా సందులోకే వచ్చింది. బస్తా వంటింటి మూల దించారు. అత్తగారు దాని మూతి విప్పలేక నన్ను పిలిచారు. పోర్టుకెళ్ళే మనిషికి క్యారేజీ కట్టాలి, నేను కొలిచి ఎసట్లో పోశాను. మళ్ళీ రంజాన్ వచ్చేదాకా ఆ బియ్యమే వండుకు తిన్నాం.